శూన్య రంధ్ర ప్రమాణం

ఎదురుగుట్టలో తొమ్మిది తుపాకులున్నాయి. తొమ్మిదీ చెకుముకి తుపాకులే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, రాయి రాజేసి పేల్చే కాలంనాటివి. ఊరికి మూడు పక్కలా అడవి కాబట్టి, అడవినిండా పందులే కాబట్టి, పందులకు మక్కజొన్న అంటే ప్రాణం కాబట్టి, పంటకాపు కోసమని తాతల నాడే వీటికి లైసెన్సులిచ్చారు. గుండు వేయడానికి మాత్రం అనుమతి లేదు. ఉత్త మందుతో చప్పుడు చేసి పందుల్ని బెదరగొట్టాలి, అంతే. గుండు లేదన్న సంగతి పందులకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఏర్పాటు బాగానే సాగుతూ వచ్చింది.

ఆ తొమ్మిదింటినీ బాగుచేసేవాడు శ్రీరామోజు ఓదెలు. యాభై ఆరేళ్ల కమ్మరి. నాగలి కర్రులు, గొడ్డళ్లు అతని రోజువారీ పని. తుపాకులు అతని మక్కువ. దానికోసం మరమ్మతు పరవానా ఒకటి ఉంది. ఏటేటా జిల్లా ఆఫీసుకు వెళ్లి కొత్త ముద్ర వేయించుకోవాలి. తాతకూ తండ్రికీ ఉన్న పరవానా అది. గోడకు దేవుడి పటాల వరసలోనే దాన్నీ వేలాడదీశాడు.

చెకుముకి తుపాకిలో కిటుకంతా ఒక చిన్న కన్నంలో ఉంది. గొట్టం మొదట్లో, పక్కగా ఉంటుంది. దానికి బయట బొటనవేలు పట్టేంత గిన్నె. గిన్నెలో చిటికెడు సన్న మందు వేస్తారు. దాన్ని రంజకం అంటారు. మీట నొక్కితే రాయి ఇనుపరేకును గీరుతుంది, రవ్వలు రంజకంలో పడతాయి, రంజకం భగ్గుమంటుంది, ఆ మంట కన్నంలోంచి లోపలికి దూకి అసలు మందును ముట్టిస్తుంది. కన్నం మరీ చిన్నదైతే మంట లోపలికి పోదు. మరీ పెద్దదైతే లోపలి మంట బయటికి తన్నుకొస్తుంది. మసితో పూడుకుపోతే రంజకం భగ్గుమంటుంది గానీ తుపాకి నోరు మెదపదు. కన్నం ఆవగింజ దూరేటట్టు ఉండాలని, రంజకం నశ్యం పీల్చేవాడు పట్టుకునేంత చాలని, కన్నం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలని ఓదెలుకు తండ్రి చెప్పాడు. అంతకుమించి ఈ విద్యలో ఏమీ లేదు. ఒక సర్కారు విభాగాన్ని నడపడానికి ఇది బొత్తిగా చాలదు.

ఆ యేడు జిల్లా కేంద్రంలో రైతు మేళా జరిగింది. మంత్రిగారు వచ్చారు. ఎదురుగుట్ట సర్పంచ్ తన తుపాకిని పూలదండ వేసి తీసుకెళ్లి మంత్రిగారి చేతిలో పెట్టాడు. ఆ తుపాకిని సర్పంచ్ ఏనాడూ తుడిచిన పాపాన పోలేదు. మంత్రిగారు ఆకాశం వైపు గురిపెట్టి మీట నొక్కారు. రంజకం భగ్గుమంది. తర్వాత ఏమీ కాలేదు. మంత్రిగారు ఆ భంగిమలోనే చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు ఆ ఫొటో పేపర్లో పడింది.

మూడో రోజు ఓదెలుకు పిలుపు వచ్చింది.

పంటకాపు ఆయుధాల భద్రతా విభాగానికి జిల్లా అధికారి భుజంగరావు. ఆయన జీవితంలో తుపాకి పేల్చలేదు. ఆ విషయంలో తన నిష్పాక్షికతకు అదే నిదర్శనమని చెప్పుకునేవాడు.

"వైఫల్యానికి మూలకారణం ఏమిటి?" అని అడిగాడు.

"కన్నంల మసి పేరుకున్నది సార్" అన్నాడు ఓదెలు.

"ఇంకా?"

"గంతే సార్. సన్న తీగ పెట్టి పొడిస్తే పోతది."

భుజంగరావు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "మంత్రివర్యుల సమక్షంలో సంభవించిన సాంకేతిక వైఫల్యానికి మసి కారణమని, పరిష్కారం తీగ అని నేను ప్రభుత్వానికి నివేదించాలా? ఈ కార్యాలయంలో పదిహేడు మంది సిబ్బంది ఉన్నారు ఓదెలూ. తీగతో పోయే సమస్యకు పదిహేడు మంది ఎందుకని రేపు అడిగితే ఎవరు జవాబు చెబుతారు?"

ఓదెలుకు ఆ కోణం తట్టలేదు. తల గోక్కున్నాడు.

వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల సాంకేతిక పరిశీలన సంఘం ఎదురుగుట్టకు వచ్చింది. కొలత పరికరాలతో తొమ్మిది తుపాకుల కన్నాలూ కొలిచింది. తొమ్మిదీ తొమ్మిది కొలతలు. తేడా వెంట్రుకవాసి అయినా తేడా తేడాయే. సంఘం దిగ్భ్రాంతి చెందింది. నివేదికలో ఇలా రాసింది: 'ఒకే గ్రామంలో, ఒకే ప్రయోజనం నిమిత్తం, ఒకే చట్టం కింద లైసెన్సు పొందిన ఆయుధాల రంధ్రములు పరస్పర విరుద్ధ పరిమాణములు కలిగియుండుట ఏకరూపతా సూత్రమునకు పూర్తిగా వ్యతిరేకము.' మసి గురించి ఒక్క ముక్క లేదు.

అలా మొదటి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రతి తుపాకి కన్నమూ సరిగ్గా మూడు మిల్లీమీటర్లు ఉండాలి. మూడే ఎందుకంటే, భుజంగరావు గది బయట పేరు పలక బిగించడానికి కొన్న డ్రిల్లు ముక్క మూడు మిల్లీమీటర్లది. ఆఫీసు సామాను గదిలో ఉన్నది అదొక్కటే. దాన్ని 'ప్రామాణిక వేధన సాధనం' అనే పేరుతో ఎర్రగుడ్డలో చుట్టి ఓదెలుకు ఇచ్చి, సంతకం పెట్టించుకున్నారు.

"సార్, గింత పెద్దగ జేస్తే మంట ఇసురంత పక్కకెళ్లి పోతది. చప్పుడు రాదు. కుడిదిక్కు నిలవడ్డోని మొఖం కాలుతది" అన్నాడు ఓదెలు.

"మీ అభ్యంతరం నిర్ణీత నమూనాలో ఉందా?"

"నోటితోని చెప్తున్న సార్."

"నోటి అభ్యంతరాలకు కాలపరిమితి నిన్నటితో ముగిసింది" అన్నాడు భుజంగరావు. తర్వాత గొంతు తగ్గించి, "మీ పరవానా ఈ నెలలోనే కదా కొత్త చేయించుకోవలసింది?" అని ఆప్యాయంగా అడిగాడు.

ఓదెలు డ్రిల్లు తీసుకుని ఊరికి వచ్చాడు.

మొదట తుపాకి తెచ్చింది బొమ్మెన ముత్తవ్వ. అరవై దాటిన మనిషి. భర్త పోయాక లైసెన్సు ఆమె పేరుకు మారింది. ఆమె మూడెకరాల మక్కచేను అడవికి ఆనుకుని అందరికంటే చివరన ఉంటుంది. పందులు ఊళ్లోకి రావాలంటే మొదట ఆమె చేను తొక్కే రావాలి. సాయంత్రం కాగానే మంచె ఎక్కి కూర్చునేది. ఊళ్లో తుపాకి పేల్చడం ఆమెకు తెలిసినంతగా మగవాళ్లలో ఎవరికీ తెలియదు. ఒక్కనాడు కూడా ఆమె రంజకం వృథా పోలేదు.

"తమ్మీ, మంచిగ పేలుతున్నదాన్ని ఎందుకు తొలుస్తున్నవ్?" అని అడిగింది.

"ఆర్డరొచ్చిందక్కా."

"నీకు ఎరుకే గద, గట్ల తొలువద్దని."

"ఎరుకే."

ముత్తవ్వ తుపాకిని అతని ముందు పెట్టి పక్కన కూర్చుంది. ఆమె ఏమైనా తిట్టి ఉంటే ఓదెలుకు తేలికగా ఉండేది. తొమ్మిది తుపాకులూ తొలిచేదాకా అతను తల ఎత్తలేదు.

కొత్త కన్నాల పరీక్ష జిల్లా ఆఫీసు ఆవరణలో జరిగింది. హెడ్ క్లర్కు నర్సింగం హాజరు పుస్తకం పట్టుకుని తుపాకికి కుడిపక్కన కూర్చున్నాడు. అక్కడ కూర్చోవద్దని ఓదెలు రెండుసార్లు చెప్పాడు. తన కుర్చీ స్థానం ప్రోటోకాల్ ప్రకారం నిర్ణయమైందని నర్సింగం జవాబిచ్చాడు. తుపాకి దగ్గినట్టు శబ్దం చేసింది. కన్నంలోంచి మూరెడు మంట పక్కకు చిమ్మి నర్సింగం చొక్కా చేతినీ హాజరు పుస్తకాన్నీ కాల్చింది. చేతికి బర్నాలు రాశారు. హాజరు పుస్తకానికి మాత్రం మందు లేకపోయింది. ఆ రోజు ఆఫీసుకు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తేల్చడానికి ఇంకో సంఘం వేశారు.

రెండో ఉత్తర్వు ఇలా మొదలైంది: 'ఆయుధపు అంతర్భాగమున జనించు అగ్ని, ఎట్టి పరిస్థితులలోను రంధ్రము గుండా బయటకు రారాదు.' కన్నాలకు ఇత్తడి బిరడాలు బిగించి, వాటికి అర మిల్లీమీటరు కన్నం పెట్టాలి.

ఓదెలు ఈసారి అభ్యంతరాన్ని కాగితం మీద రాయించుకుని వెళ్లాడు. భుజంగరావు దాన్ని చదవకుండానే, నోటితో చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

"సార్, నిప్పు బయటికి రాని కన్నంలకెల్లి లోపటికి ఎట్ల పోతది?"

"లోపలికి వెళ్లడం, బయటికి రావడం రెండు వేర్వేరు అంశాలు. మా విభాగం పరిధిలో ఉన్నది రెండోది మాత్రమే."

"మరి మొదటిది ఎవరు చూస్తరు సార్?"

"ఆ అంశం ఏ విభాగానికీ కేటాయించబడలేదు" అన్నాడు భుజంగరావు. తన మీద పడని పనిని తలుచుకుని కాస్త తృప్తి కూడా పడ్డాడు.

బిరడాలు బిగిశాయి. తొమ్మిది తుపాకులూ మూగబోయాయి. మీట నొక్కితే రంజకం మెరుపులా భగ్గుమనేది, అంతటితో సరి. మొదటి మూడు రోజులు పందులు ఆ మెరుపుకే పరిగెత్తాయి. నాలుగో రోజు ఆగి చూశాయి. ఐదో రోజునుంచి చూడటం కూడా మానేశాయి. ముత్తవ్వ మంచెమీద డబ్బా వాయించింది, గొంతు పోయేదాకా అరిచింది. చేను అంచు నుంచి నాలుగు సాళ్లు పోయాయి.

రైతులు ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకున్నారు. సంఘం మళ్లీ కూర్చుంది. మంట లోపలికి వెళ్లడం లేదంటే మంట చాలడం లేదన్నమాట అని తేల్చింది. కాబట్టి మూడో ఉత్తర్వు: రంజకం పరిమాణం చిటికెడు నుంచి చెంచాడుకు పెంచాలి. చిటికె అనేది వ్యక్తిని బట్టి మారే అశాస్త్రీయ కొలమానం కాబట్టి, ఆఫీసు క్యాంటీను నుంచి తొమ్మిది టీ చెంచాలు తెప్పించి, పిడికి ముద్ర కొట్టి పంచారు. చెంచాడు మందు బొటనవేలంత గిన్నెలో పట్టదు కాబట్టి గిన్నెలు కూడా పెద్దవి చేయాలన్నారు. ఓదెలు పాత గిన్నెలు కోసేసి దోసెడేసి పళ్లాలు అతికాడు. చేతులు పని చేస్తున్నాయి. తను మాత్రం ఎక్కడో దూరంగా నిలబడి ఆ చేతుల్ని చూస్తున్నట్టుండేది. తయారైన తుపాకులు పాన్‌దాను అతికించిన నాగళ్లలా ఉన్నాయి.

"కన్నంమీద గంత మందు కుప్పవోస్తే, కన్నం సుత పూడుతది గదనే" అంది ముత్తవ్వ.

"పూడుతది."

"మరి?"

"చెంచా కొలత తప్పొద్దన్నరక్కా."

ఆ సాయంత్రం ముత్తవ్వ సర్కారు చెంచాతో సర్కారు కొలత రంజకం పోసి మీట నొక్కింది. తాటిచెట్టంత మంట లేచింది. తుపాకి పేలలేదు. ముత్తవ్వ కనుబొమ్మలు రెండూ కాలిపోయాయి. ఆ వారంలో ఊళ్లో నాలుగు జతల కనుబొమ్మలు పోయాయి. ఫొటోలతో సహా నలుగురూ అర్జీలు పెట్టుకున్నారు.

ఇది తీవ్రమైన విషయం. ఆఫీసులో అత్యవసర సమావేశం పెట్టారు. అధ్యక్షస్థానంలో భుజంగరావు, చేతికి కట్టుతో నర్సింగం, గుమ్మం దగ్గర ఓదెలు. ఇప్పటివరకు జరిగిన ప్రమాదాలన్నింటినీ ఒక పట్టికగా గోడమీద చూపించారు. భుజంగరావు ఆ పట్టికను చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"ఈ ప్రమాదాలన్నింటిలో ఉమ్మడి అంశం ఏమిటి?" అన్నాడు. "ప్రతి ప్రమాదమూ రంధ్రం ఉన్న తుపాకితోనే జరిగింది. పెద్ద రంధ్రంతో జరిగింది, చిన్న రంధ్రంతో జరిగింది. రంధ్రం లేని తుపాకితో ఒక్క ప్రమాదమైనా నమోదైందా?"

నర్సింగం రికార్డులు తిరగేశాడు. ఒక్కటీ నమోదు కాలేదు.

నాలుగో ఉత్తర్వు పేరు శూన్య రంధ్ర ప్రమాణం. బిరడాలోని కన్నాన్ని శాశ్వతంగా మూసివేయాలి. మూసినట్టు రుజువుగా ఇత్తడి బిరడామీద సున్నా అంకె ముద్ర కొట్టాలి.

"మరి రంజకం సార్?" అని అడిగాడు ఓదెలు.

"యథాతథంగా కొనసాగుతుంది. అది సంప్రదాయం. సంప్రదాయాన్ని మేము తాకం. అయితే చెంచాకు బదులు అరచెంచా."

"తుపాకి పేలదు గద సార్."

"పేలుడు అన్న పదం మన లక్ష్యాల్లో ఎక్కడా లేదు ఓదెలూ. విభాగం పేరు చదవండి. భద్రత అని ఉంది."

ఓదెలు తొమ్మిది బిరడాలూ మూసి, తొమ్మిది సున్నాలు కొట్టి ఇచ్చాడు. పరవానామీద కొత్త ముద్ర పడింది.

ఆ తర్వాత నెలరోజులు విభాగం చరిత్రలో సువర్ణాధ్యాయం. ప్రమాదాలు సున్నా. అంతకంటే గొప్ప సంగతి నర్సింగం లెక్కల్లో తేలింది. ఎదురుగుట్టలో తుపాకి పేలిన ప్రతిసారీ లైసెన్సుదారు రిజిస్టరులో రాయాలి. కిందటేడు ఇదే నెలలో రెండు వందల పన్నెండు పేలుళ్లు. ఈ నెల ఒక్కటీ లేదు. పందులు వస్తేనే తుపాకి పేలుస్తారు. తుపాకి పేలలేదు కాబట్టి పందులు రాలేదు. భుజంగరావు ఎదురుగుట్టను పందుల బెడద లేని తొలి గ్రామంగా ప్రకటించాలని ప్రతిపాదన పంపాడు. రాష్ట్ర కమిషనర్ మర్నాడే స్వయంగా వచ్చి ప్రకటిస్తానని జవాబిచ్చారు.

ఆ జవాబు వచ్చిన రోజునే ముత్తవ్వ ఓదెలు కొలిమి దగ్గరికి వచ్చింది. కొంగులోంచి ఒక కంకి తీసి, ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద పెట్టింది. సగం నమిలి, బురదలో తొక్కి, చొల్లు కారి ఉంది.

"ఎకరం పోయిందే" అంది. "ఇంకో పది దినాలైతే కోతకొచ్చేది. పొద్దుమూకితే నేను మంచెమీదనే ఉంట. అవి నా కిందనే తింటయి. నమిలేది ఇనవడ్తది. నా చేతిల తుపాకి ఉన్నది, నేను దాన్ని ఒళ్లె పెట్టుకొని కూసుంట."

ఓదెలు కంకివైపు చూడలేకపోయాడు. "నా పరవానా పోతదక్కా" అన్నాడు నెమ్మదిగా. "మా తాతది."

"ఉండనీ. నేను నిన్నేమన్న అన్ననా?" అంది ముత్తవ్వ. కనుబొమ్మలు లేని ఆమె ముఖంలో కోపముందో జాలి ఉందో తెలియలేదు. "మీ తాత బతికుండంగ మా అత్త తుపాకి బాగుచేసిండు. ఆయన్ను తుపాకి పేలుతదా అని ఎవ్వలు అడుగలె. అడిగే అక్కెర రాలె." తుపాకి అక్కడే గోడకు ఆనించి వెళ్లిపోయింది.

ఓదెలు కొలిమి ముందు కూర్చున్నాడు. గోడమీది పరవానా వంక చూశాడు. తాత పేరున్న పాత కాగితం అద్దం వెనక పసుపుబారి ఉంది. తుపాకి బాగుచేయడానికి ఇచ్చిన అనుమతి అది. దాన్ని కాపాడుకోవడానికి తొమ్మిది తుపాకుల్ని తనే పాడుచేశాడు. లేచి ముత్తవ్వ తుపాకి ఒళ్లో పెట్టుకున్నాడు. బిరడామీద తాను కొట్టిన సున్నా కనబడింది. గుండ్రంగా, మధ్యలో గుంటగా.

ఆ సున్నా నడిమధ్యన సన్నటి ములుకుతో తొలిచాడు. తొందరపడలేదు. కన్నం లోపలికి దిగాక అంచులు నున్నగా చేశాడు. దోసెడు పళ్లెం కోసేసి, పాత బొటనవేలు గిన్నె అతికాడు. చివరికి తుపాకిని వెలుగులోకి పట్టి చూశాడు. సున్నాలో కన్నం కలిసిపోయింది. సున్నాకు మధ్యలో ఖాళీ ఉండటం సహజమే కాబట్టి తెలిసి చూసినవాడికి తప్ప కనబడదు. తెల్లారగానే తీసుకెళ్లి ముత్తవ్వ చేతికిచ్చాడు.

కమిషనర్ పొద్దున పదకొండుకు రావలసింది. రాష్ట్రస్థాయి అధికారి కాబట్టి సాయంత్రం ఐదున్నరకు వచ్చారు. ముత్తవ్వ చేను గట్టుమీద షామియానా వేశారు. అడవి వెనకాల ఉంటే ఫొటో బాగుంటుందని ఆ చోటు ఎంపిక చేశారు. తొమ్మిదిమంది లైసెన్సుదారులూ తుపాకులతో వరసగా నిలబడ్డారు. భుజంగరావు మైకు ముందుకు వచ్చాడు.

"శూన్య ప్రమాదాలు, శూన్య పేలుళ్లు, శూన్య పందులు. ఈ త్రిశూన్య విధానం" అని మొదలుపెట్టేసరికి వెనక మక్కచేనులో గలగలమంది.

మైకులోంచి మాట ఆగింది. మక్క కర్రలు వరసగా వంగుతూ వచ్చాయి. ముందు ఒక తల్లి పంది, దాని వెనక ఐదారు, వాటి వెనక కొమ్ములాంటి కోరలున్న మగపంది. షామియానా చివర బల్లమీద మిర్చిబజ్జీల పళ్లాలున్నాయి. పందులు వేదిక పక్కనుంచే నడిచి బల్ల దగ్గరికి వెళ్లాయి. మగపంది బల్ల కాలును ఒక్క తోపు తోసింది. నర్సింగం కుర్చీ ఎక్కాడు. కమిషనర్ వేదిక మీది సోఫా ఎక్కారు. సోఫా మీద ఇంకెవరికీ చోటు లేకపోయింది.

"ఇవేమిటి భుజంగరావ్?" అన్నారు కమిషనర్.

"పరిశీలించవలసి ఉంది సర్" అన్నాడు భుజంగరావు. తర్వాత రైతులవైపు తిరిగి, "పేల్చండి, ఎవరైనా పేల్చండి" అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదలు.

ఎనిమిదిమంది అరచెంచా రంజకం పోసి మీటలు నొక్కారు. ఎనిమిది మంటలు లేచాయి. చక్కని వెలుగు. పందులు ఆ వెలుగులో బజ్జీలు వెతుక్కున్నాయి. మగపంది సోఫావైపు తిరిగింది.

ముత్తవ్వ తుపాకి తీసింది. చెంచాను గట్టుమీద పారేసింది. సన్న తీగతో కన్నం ఒకసారి పొడిచింది. చిటికెడు రంజకం గిన్నెలో వేసి మూత వేసింది. ఓదెలు షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఈ తుపాకి పేలితే తన పరవానా పోతుంది. పేలకపోతే తన తండ్రి నేర్పిన విద్య పోతుంది. ఏది కోరుకోవాలో తెలియలేదు.

ముత్తవ్వ మీట నొక్కింది.

గుట్ట అవతలి నుంచి కూడా చప్పుడు తిరిగి వినిపించింది. షామియానా గుడ్డ ఉబ్బి దిగింది. పొగ తేలేసరికి ఒక్క పంది లేదు. చేనులో అవి పరిగెత్తిన దారి మాత్రం తెరుచుకుని ఉంది. ఓదెలుకు తెలియకుండానే ముఖం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. కమిషనర్ సోఫా దిగి ముత్తవ్వ దగ్గరికి నడిచి వస్తున్నారు.

"ఈ తుపాకి కూడా శూన్య రంధ్ర ప్రమాణంలోదేనా?"

భుజంగరావు వచ్చి, వేలితో బిరడా తడిమి చూశాడు. సున్నా ముద్ర ఉంది. ఆయన చదవగలిగింది ముద్రలే కాబట్టి ముద్రను చదివాడు. ఓదెలు ముఖం వంక ఒక్క క్షణం చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో చెప్పలేం. అర్థం చేసుకోవడం వల్ల ప్రయోజనం లేని చోట ఆయన ఎన్నడూ అర్థం చేసుకోలేదు.

"అవును సర్. ముద్ర ఉంది. పూర్తిగా శూన్యమే."

"అంటే రంధ్రం లేకుండానే పేలింది?"

"ప్రయోగాత్మక దశలోనే తొమ్మిదింటికి ఒకటి పేలింది సర్. పదకొండు శాతం విజయం."

"రంధ్రం లేకుండా పదకొండు శాతం" అన్నారు కమిషనర్ మెల్లగా. "ఇది దేశంలో ఎక్కడా లేదయ్యా."

నివేదిక పది రోజుల్లో వెళ్లింది. మిగతా ఎనిమిది తుపాకులూ నూరు శాతం ఫలితాలు ఇచ్చేలా 'శూన్య రంధ్రాలను మెరుగుపరచమని' ఓదెలుకు రాతపూర్వకంగా ఆదేశించారు. రెండు రోజుల్లో మెరుగుపరిచాడు. రిజిస్టరులో పేలుళ్లు మళ్లీ కనబడ్డాయి. శూన్య ప్రమాణపు విజయాలుగా అవి వేరే కాలమ్‌లో చేరాయి. ముత్తవ్వకు ఎకరం పోయింది. రెండెకరాలు దక్కాయి. పోయిన ఎకరానికి పరిహారం అడిగితే, ఎదురుగుట్ట పందుల బెడద లేని గ్రామంగా ప్రకటితమైనందున అర్జీ పరిశీలనార్హం కాదని జవాబు వచ్చింది. కనుబొమ్మలు మాత్రం మెల్లగా మొలిచాయి.

భుజంగరావు రాష్ట్ర కార్యాలయానికి పదోన్నతి మీద వెళ్లాడు. వెళ్లగానే శూన్య రంధ్ర ప్రమాణాన్ని అన్ని జిల్లాలకూ విస్తరించి, అక్కడి తుపాకి కమ్మరులకు మూడు రోజుల శిక్షణ ఏర్పాటు చేశాడు. బోధకుడు శ్రీరామోజు ఓదెలు. అతని మెడలో 'శూన్య రంధ్ర నిపుణుడు' అన్న కార్డు వేశారు. ముప్పైమంది కమ్మరులు బెంచీలమీద కూర్చున్నారు. ఎవరి ఒళ్లో వాళ్ల ఊరి తుపాకి ఉంది. అన్నిటికీ ఇత్తడి బిరడాలు, అన్నిటిమీదా సున్నా.

భుజంగరావు దీపం వెలిగించి, రంధ్రరహిత యుగం గురించి గంటసేపు మాట్లాడి, ఇంకో ప్రారంభోత్సవం ఉందని వెళ్లిపోయాడు. ముందు బెంచీలోని ముసలి కమ్మరి లేచాడు. కరీంనగర్ పక్కవాడు. చేతులమీద కొలిమి మచ్చలు.

"ఓదెలన్నా, నలభై ఏండ్ల సంది తుపాకులు చేస్తున్న. కన్నం లేని తుపాకి ఎట్ల పేలుతదో నాకు సమజైతలేదు. నీ కాళ్లు మొక్కుత, జెర నాకు సుత చూపెట్టు."

ఓదెలు అతని వంక చూశాడు. ఆ ముసలాయన ముఖంలో తన తండ్రి ముఖంలాంటిదేదో కనబడింది. "ఆ తలుపు జెర దగ్గరికెయ్యిండ్లి" అన్నాడు.

తలుపు వేశారు. ఓదెలు సంచీలోంచి ములుకు తీశాడు. ముసలాయన తుపాకి తీసుకుని, అందరూ చుట్టూ మూగి చూస్తుండగా, సున్నా నడిమధ్యన పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఇత్తడి రజను సన్నగా రాలింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. బయట కాపలా జవాను తలుపు తట్టి శిక్షణ ఎలా సాగుతోందని అడిగితే, ముప్పైమందీ ఒక్క గొంతుతో మంచిగ సాగుతోందన్నారు.

మూడో రోజు మధ్యాహ్నానికి ముప్పై తుపాకులూ తయారయ్యాయి. చివరికి ఫారాలు నింపాలి. 'మెరుగుపరచిన రంధ్రపు పరిమాణం' అని ఒక గడి ఉంది. ముసలాయన కలం పట్టుకుని ఆగాడు.

"ఇక్కడ ఏం రాయాల్నే?"

"సున్నా అని రాయిండ్లి" అన్నాడు ఓదెలు.

ముప్పైమందీ సున్నా రాశారు. ముసలాయన సంతకం పెట్టి, తుపాకిని భుజాన వేసుకుని, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అన్నా, ఊర్లె మా తమ్ముడు సుత చేస్తడు ఈ పని. ఆనికి చెప్పాలె. సున్నా అంటే సరిగ్గ ఎంత?"

"మిల్లీమీటరున్నర" అన్నాడు ఓదెలు.